పరీక్ష పాజిటివ్, గర్భసంచి ఖాళీ: తప్పు నాదేనా డాక్టరమ్మా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 28. పెళ్లయి మూడేళ్లు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. రెండు నెలల క్రితం నెల తప్పింది. ఇంట్లో పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. పది రోజులకు ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి, కొద్దికొద్దిగా గోధుమరంగు మరక మొదలయ్యాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్ ఇచ్చారు. స్కానింగ్ సెంటర్‌కు వెళితే పొట్ట మీద నుంచి చూసి, ‘గర్భసంచిలో ఏమీ కనిపించలేదు, తొందరగా వచ్చారు, రెండు వారాలు ఆగి రండి’ అన్నారు. ఐదో రోజు తెల్లవారుజామున బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయాను. భుజం విపరీతంగా లాగేసింది. 108లో టౌన్‌కి తీసుకెళ్లారు. ట్యూబులో గర్భం వచ్చి పగిలిందని, కడుపులో లీటరున్నర రక్తం ఉందని చెప్పి, పొట్ట కోసి ఎడమ ట్యూబు తీసేశారు. మూడు ప్యాకెట్ల రక్తం ఎక్కించారు. నేను బండి మీద తిరగడం వల్ల, బొప్పాయి తినడం వల్ల ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. ఆ బిడ్డను గర్భసంచిలోకి మార్చే వీలు లేదా? మా బంధువుల అమ్మాయికి ఇంజెక్షన్‌తో పోయింది, నాకు ట్యూబు ఎందుకు తీశారు? ఇక పిల్లలు పుడతారా? ఈసారి నెల తప్పితే మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దని అత్తగారి మాట. ఏం చేయమంటారు? – ఒక సోదరి

సమాధానం: తల్లీ, ముందు మీ అత్తగారి మాటకు జవాబు చెబుతాను. మీరు బండి మీద తిరగడం వల్ల ఇది రాలేదు. బొప్పాయి వల్ల రాలేదు. ఎందుకు రాలేదో కూడా రాస్తున్నాను, వీలైతే ఆవిడను కూర్చోబెట్టి చదివి వినిపించండి.

అండాశయం నుంచి వచ్చిన అండం పక్కనే ఉన్న ట్యూబులోకి వెళుతుంది. వీర్యకణం దాన్ని కలిసేది ఆ ట్యూబులోనే. అంటే ఏ బిడ్డ ప్రయాణమైనా మొదలయ్యేది అక్కడే. ట్యూబు లోపలి గోడకు కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. వరిచేను గాలికి ఊగినట్టు ఆ నూగు ఒకే దిక్కుకు కదులుతూ, పిండాన్ని నాలుగైదు రోజుల్లో గర్భసంచికి చేరుస్తుంది. దారిలో నూగు దెబ్బతిని ఉన్నా, లోపల అతుకులు పడి సందు ఇరుకైనా పిండం అక్కడే ఆగిపోతుంది. ఆగిన చోటే నాటుకుంటుంది. ఇదంతా ఫలదీకరణ జరిగిన వారం రోజుల్లోనే అయిపోతుంది. మీకు నెల తప్పింది అది జరిగిన మరో వారానికి. రెండు గీతలు చూసుకునే సరికే ఆ గర్భం ట్యూబులో పాతుకుపోయి ఉంది. మీరు ఆ తర్వాత బండెక్కినా, మంచం దిగకుండా పడుకున్నా, ఏం తిన్నా, ఏం మానేసినా అది అక్కడి నుంచి కదిలేది కాదు.

మరి ట్యూబు ఎందుకు దెబ్బతింటుంది? గర్భసంచికి, ట్యూబులకు ఎప్పుడో సోకిన ఇన్‌ఫెక్షన్ ఒక కారణం. క్లమీడియా లాంటివి నొప్పి, జ్వరం లేకుండానే వచ్చిపోతాయి, ఆడమనిషికి తెలియనే తెలియదు. మన దేశంలో ట్యూబులకు వచ్చే క్షయ ఇంకో కారణం. ఇంతకుముందు కడుపులో జరిగిన ఆపరేషన్లు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు), పొగతాగడం, 35 దాటిన వయసు, ఐవీఎఫ్ చికిత్స కూడా ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. కానీ ఇలాంటి గర్భం వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందికి ఈ కారణాల్లో ఒక్కటీ ఉండదు. ప్రతి 100 గర్భాల్లో ఒకటో రెండో ఇలా దారి తప్పుతాయి. అలా దారి తప్పినవాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే ఉంటాయి. మిగిలినవి అండాశయం మీద, గర్భసంచి ముఖద్వారంలో, పాత సిజేరియన్ కుట్టు దగ్గర, అరుదుగా పొట్టలోపల ఇంకెక్కడో నాటుకుంటాయి.

బిడ్డను గర్భసంచిలోకి మార్చే వీలు లేదా అని అడిగారు. లేదమ్మా. ప్రపంచంలో ఏ ఆస్పత్రిలోనూ లేదు. పిండం నాటుకున్నదంటే దాని మాయ అక్కడి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయిందని అర్థం. దాన్ని ఊడదీసి ఇంకో చోట నాటితే బతకదు. ఆ ఆపరేషన్‌లో ఎవరూ మీ బిడ్డను కాపాడే అవకాశం వదులుకోలేదు. అక్కడ కాపాడగలిగింది మీ ప్రాణమే, దాన్ని కాపాడారు.

గర్భసంచిది మందమైన కండ. బిడ్డ పెరిగేకొద్దీ సాగుతుంది. ట్యూబు గోడ చాలా పల్చన, దానికి సాగే శక్తి లేదు. ఎక్కువమందిలో ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, అంటే నెల తప్పిన రెండు నుంచి నాలుగు వారాలకు అది చిట్లుతుంది. చిట్లితే రక్తం బయటికి రాదు, కడుపులోపలే నిండుతుంది. బయట కనిపించేది చిన్న మరకే, లోపల పోయేది లీటర్లలో. అందుకే ఇంట్లో వాళ్లకు ‘కొంచెం బ్లీడింగే కదా’ అనిపిస్తుంది. 1883లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో లాసన్ టేట్ అనే సర్జన్ పగిలిన ట్యూబును కట్టి ఒక స్త్రీని బతికించేదాకా, ఇలా పగిలిన వాళ్లలో చాలామంది చనిపోయేవాళ్లు. ఆయన చేసిన పనే, మరింత మెరుగైన మత్తుతో, రక్తం ఎక్కించే సౌకర్యంతో, మీకూ చేశారు.

ఇక స్కానింగ్ సెంటర్ సంగతి. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. మీలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి, దాదాపు అన్నిటిలోనూ ఇదే చోట పొరపాటు జరుగుతుంది.

‘గర్భసంచిలో ఏమీ కనిపించలేదు’ అని వాళ్లు రాసింది అబద్ధం కాదు. ‘రెండు వారాలు ఆగి రండి’ అని పంపడం మాత్రం తప్పు. పరీక్ష పాజిటివ్‌గా ఉండి గర్భసంచి ఖాళీగా కనిపిస్తే దానికి మూడు అర్థాలు ఉండొచ్చు. గర్భం సరైన చోటే ఉంది కానీ ఇంకా చిన్నది. లేదా గర్భం అప్పటికే పోయింది. లేదా గర్భం వేరే చోట ఉంది. ఈ మూడింటిలో ఏదో తేలేదాకా ఆ మనిషిని 48 గంటలకు ఒకసారి చూస్తూ ఉండాలి. మా భాషలో దీన్ని ‘చోటు తెలియని గర్భం’ అంటాం. ఆ పేరే మమ్మల్ని అప్రమత్తంగా ఉంచుతుంది. పైగా మీకు ఒకవైపు నొప్పి ఉంది, మరక ఉంది. అలాంటప్పుడు రెండు వారాల గడువు ఇవ్వకూడదు.

ఇంకో మాట. మీకు పొట్ట మీద నుంచి మాత్రమే స్కాన్ చేశారు. అంత చిన్న గర్భాన్ని చూడటానికి ఆ స్కాన్ చాలదు. పొట్ట గోడ, కొవ్వు, మూత్రాశయం అన్నీ దాటి చూడాలి. యోని లోపల నుంచి చేసే స్కాన్ ఉంటుంది, టీవీఎస్ అంటారు, కొందరు లోపలి స్కాన్ అంటారు. సన్నని కడ్డీ లాంటి పరికరానికి శుభ్రమైన తొడుగు వేసి, జెల్ రాసి పెడతారు. అది గర్భసంచి లోపలికి వెళ్లదు, దాని పక్క దాకానే వెళుతుంది. ఐదు వారాలకు పిండం చుట్టూ ఉండే గర్భపు సంచి, ఐదున్నర వారాలకు దానిలో పిండానికి ఆహారమిచ్చే చిన్న గుండ్రటి తిత్తి, ఆరు వారాలకు గుండె కదలిక ఇందులో కనిపిస్తాయి. పొట్ట మీద నుంచి చూస్తే ఇవే దాదాపు వారం ఆలస్యంగా కనిపిస్తాయి. లోపలి స్కాన్ అనగానే చాలామంది వద్దంటారు. సిగ్గు ఒకటి, గర్భం పోతుందేమోనన్న భయం ఒకటి. దానివల్ల గర్భం పోదు. మగ డాక్టరైతే పక్కన ఒక ఆడమనిషిని ఉంచమని అడగండి, అది మీ హక్కు. అంతేగానీ ఆ స్కాన్ వద్దనకండి.

ఆ స్కాన్‌లో మేము ఏం వెతుకుతామో కూడా చెబుతాను. ముందు గర్భసంచి లోపల. అక్కడ నల్లగా ఒక చుక్క కనిపించినంత మాత్రాన సంతోషపడిపోం. ట్యూబులో గర్భం ఉన్నప్పుడు కూడా గర్భసంచి మధ్యలో కొంచెం ద్రవం చేరి అచ్చం గర్భపు సంచిలాగే కనిపించవచ్చు. అసలైన సంచి గర్భసంచి మధ్యలో కాకుండా, లోపలి పొరలో ఒక పక్కకు నాటుకుని ఉంటుంది, దానిలో ఆ గుండ్రటి తిత్తి కనిపిస్తేనే గర్భం లోపల ఉందని నమ్మకంగా చెబుతాం. తర్వాత రెండువైపులా అండాశయాల పక్కన చూస్తాం. ఉంగరంలాంటి ఆకారమో, చిన్న గడ్డో కనిపిస్తే పరికరంతో మెల్లగా నొక్కుతాం. అండాశయంతో పాటు కదిలితే అది ఆ నెల అండం విడుదలైన చోటి తిత్తి కావచ్చు, ప్రతి గర్భిణికీ ఉండేదే. అండాశయం నుంచి విడిగా జారితే ట్యూబు మీద అనుమానం. చివరగా గర్భసంచి వెనుక ఉన్న పల్లంలో ద్రవం ఉందా అని. అది చిక్కగా, మసక మసకగా కనిపిస్తే రక్తమే. పై కడుపులో, కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య కూడా రక్తం చేరిందంటే చాలా పోయిందని లెక్క. అప్పుడు ఇంకో రిపోర్ట్ కోసం ఆగం, ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమంటాం.

స్కాన్‌తో పాటు ఉండాల్సింది బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. ఇంట్లో గీతలు చూపించే హార్మోన్ ఎంత ఉందో ఇది అంకెల్లో చెబుతుంది. ఒక్కసారి చేస్తే సగం సమాచారమే. 48 గంటల తర్వాత అదే ల్యాబులో మళ్ళీ చేయించాలి. ‘రెట్టింపు కాకపోతే గర్భం మంచిది కాదు’ అని చాలామంది అనుకుంటారు, అంత కచ్చితమైన లెక్క కాదది. మొదటి అంకె 1,500 లోపు ఉంటే మామూలు గర్భంలో రెండు రోజులకు కనీసం 49 శాతమైనా పెరుగుతుంది. అంతకన్నా తక్కువ పెరిగినా, ఉన్న చోటే ఉన్నా అనుమానించాలి. అంకె 3,500 దాటి కూడా లోపలి స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉంటే గర్భం బయట ఉందేమోనన్న అనుమానం బాగా బలపడుతుంది. ఒక హెచ్చరిక: అంకె తక్కువగా ఉంది కాబట్టి ట్యూబు పగలదు అనుకోకూడదు. కొన్ని వందలు ఉన్నప్పుడు కూడా పగిలిన వాళ్లకు నేను ఆపరేషన్ చేశాను.

మీ భుజం నొప్పి గురించి. కడుపులో నిండిన రక్తం పైకి పాకి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని తాకుతుంది. ఆ కండరానికీ భుజానికీ నరం ఒకటే దారిలో వస్తుంది. అందుకే రక్తం కడుపులో ఉంటే నొప్పి భుజంలో తెలుస్తుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. గ్యాస్ అనో, సరిగా పడుకోలేదనో అనుకుని జండూబామ్ రాసుకున్న వాళ్లు ఉన్నారు. కొందరికి మాటిమాటికీ దొడ్డికి వెళ్లాలనిపిస్తుంది, వెనుక పల్లంలో చేరిన రక్తం నొక్కడం వల్ల. మీరు బాత్రూంలో పడిపోయానని రాశారు చూడండి, ఇలాంటి కేసుల్లో ఆ మాట చాలాసార్లు వింటాను.

మీ ఊరి ఆర్‌ఎంపీని నేను తిట్టబోవడం లేదు. కారణం ఉంది. నేను పీజీ చదివే రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో 30 ఏళ్ల ఆమెను తీసుకొచ్చారు. కడుపునొప్పి, నీరసం, సాయంత్రం నుంచి నాలుగుసార్లు దొడ్డికి వెళ్లిందన్నారు. నాలుగేళ్ల కిందట పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని ఆమె భర్త చెప్పాడు. ఆ ఒక్క మాటతో గర్భం అనే ఆలోచనే నా మనసులోంచి తీసేశాను. తిన్నది పడలేదనుకుని సెలైన్ పెట్టాను. రెండు గంటల తర్వాత సీనియర్ వచ్చి ఆమె కింది కనురెప్ప లాగి చూశారు. తెల్లకాగితంలా ఉంది. ‘యూరిన్ టెస్ట్ చేశావా?’ అని అడిగారు. చేయలేదు. అప్పట్లో ఆ ఆస్పత్రిలో రాత్రిపూట స్కాన్ ఉండేది కాదు. సీనియర్ ఆమె యోని వెనుక నుంచి సూది గుచ్చి లాగితే గడ్డకట్టని నల్లటి రక్తం వచ్చింది. ఆమె బతికింది. కానీ ఆ రెండు గంటలు నావి, అవి నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి నెలసరి వచ్చే వయసులో ఉన్న ఏ స్త్రీ కడుపునొప్పితో వచ్చినా, పెళ్లయిందా, ఆపరేషన్ అయిందా అన్న ప్రశ్నలతో పని లేకుండా ముందు మూత్రపరీక్ష చేయిస్తాను.

ఆ ఆపరేషన్ విషయం మన రాష్ట్రంలో మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పదిమంది వివాహిత స్త్రీలలో దాదాపు ఏడుగురికి ట్యూబెక్టమీ అయి ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, అదీ చాలామందికి పాతికేళ్లలోపే. ఆపరేషన్ విఫలమై గర్భం రావడం అరుదు. కానీ వస్తే, అలా వచ్చిన గర్భాల్లో ఇంచుమించు మూడింటిలో ఒకటి ట్యూబులో ఉంటుంది. కాపర్ టీ పెట్టుకుని ఉండగా నెల తప్పినా ఇదే అనుమానం ఉండాలి. మీ అక్కచెల్లెళ్లలో, వదినల్లో ఇలాంటి వాళ్లుంటే ఈ ఒక్క విషయం చెప్పండి. తెలంగాణ అక్కాచెల్లెళ్లకు ఇంకో మాట: అక్కడ అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని తేలింది. సిజేరియన్ అయిన వాళ్లకు మళ్ళీ నెల తప్పినప్పుడు గర్భం పాత కుట్టు దగ్గర నాటుకుందేమో చూడటానికి తొలి వారాల్లోనే లోపలి స్కాన్ అవసరం.

మందుల షాపులో దొరికే అబార్షన్ కిట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్కాన్ లేకుండా ఆ మాత్రలు వేసుకోవడం ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. అవి ట్యూబులో ఉన్న గర్భం మీద పనిచేయవు. కానీ బ్లీడింగ్ మాత్రం అవుతుంది. ‘పోయింది’ అనుకుని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు, లోపల ట్యూబు పగిలే దాకా.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. మీ బంధువుల అమ్మాయికి ఇచ్చింది మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది. దాని వెనుక మన తెలుగువాడొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ లాంటి మందులను తయారుచేయడం, రెండూ 1940లలో ఆయన బృందం చేసిన పనులే. వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ మందు దాన్ని అందకుండా చేస్తుంది, పిండపు కణాలు పెరగడం ఆగి మెల్లగా కరిగిపోతాయి. మొదట దీన్ని రక్తక్యాన్సర్ లాంటి జబ్బులకు వాడారు. 1982లో జపాన్ డాక్టర్లు చోటు తప్పిన గర్భానికి వాడి చూశారు. ఆ తర్వాత ప్రపంచమంతా వాడుతోంది.

అయితే అది అందరికీ ఇచ్చేది కాదు. ట్యూబు పగిలి ఉండకూడదు, బీపీ, నాడి బాగుండాలి, గట్టి నొప్పి ఉండకూడదు. పిండానికి గుండె కదలిక ఉండకూడదు. గడ్డ మూడున్నర సెంటీమీటర్ల లోపు, హెచ్‌సీజీ 5,000 లోపు ఉంటే బాగా పనిచేస్తుంది. కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాలు సరిగా ఉన్నాయని ముందే పరీక్ష చేయాలి. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగో రోజు, ఏడో రోజు రక్తపరీక్ష చేస్తాం. ఈ రెండింటి మధ్య అంకె కనీసం 15 శాతం తగ్గాలి. తర్వాత వారం వారం, పూర్తిగా పోయేదాకా. ఈ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆపాలి, మద్యం ముట్టకూడదు, డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదు, మళ్ళీ గర్భానికి కనీసం మూడు నెలలు ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ క్షణం నొప్పి వచ్చినా ఆస్పత్రికి చేరగలిగే దూరంలో ఉండాలి. ఇంజెక్షన్ ఇచ్చాక కూడా ట్యూబు పగిలే అవకాశం కొంత ఉంటుంది.

మీరు టౌన్ ఆస్పత్రికి చేరేసరికి లీటరున్నర రక్తం కడుపులో ఉంది. ఆ స్థితిలో ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం తీసినట్టే. ఐదు రోజుల ముందు ఇచ్చి ఉంటే సరిపోయేదా? ఆ రోజు హెచ్‌సీజీ చూడలేదు, లోపలి స్కాన్ చేయలేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఈ ప్రశ్న రాత్రుళ్లు మిమ్మల్ని నిద్రపోనివ్వదని నాకు తెలుసు. మీరు నొప్పి రాగానే స్కాన్‌కు వెళ్లారు. చేయాల్సింది చేశారు. అక్కడి నుంచి దారి చూపాల్సింది మేము.

‘కీహోల్‌తో చేయకుండా పొట్ట ఎందుకు కోశారు’ అని కూడా మీ ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. పరిస్థితి నిలకడగా ఉంటే ల్యాప్రోస్కోపీయే మేలు, మూడు చిన్న రంధ్రాలతో పని అయిపోతుంది, రెండో రోజు ఇంటికి వెళ్లొచ్చు. బీపీ పడిపోతున్నప్పుడు మాత్రం ఏ దారిలో రక్తం త్వరగా ఆగుతుందో అదే సరైన దారి. మీ డాక్టర్లు ఆ నిర్ణయం సరిగానే తీసుకున్నారని నా అభిప్రాయం.

ట్యూబును కోసి గర్భం మాత్రం తీసి, ట్యూబు ఉంచే పద్ధతీ ఉంది. కానీ పగిలి ఛిద్రమైన ట్యూబును ఉంచితే మళ్ళీ రక్తం కారవచ్చు, కణాలు కొన్ని మిగిలిపోయి మళ్ళీ పెరగవచ్చు, తర్వాతి గర్భమూ అక్కడే ఇరుక్కోవచ్చు. రెండో ట్యూబు బాగున్నప్పుడు ఏది మేలని 446 మంది స్త్రీలతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. మూడేళ్లలో సహజంగా గర్భం వచ్చి నిలిచింది, ట్యూబు ఉంచిన వాళ్లలో 60.7 శాతానికి, ట్యూబు తీసేసిన వాళ్లలో 56.2 శాతానికి. ఈ తేడా లెక్కలోకి తీసుకోదగినంత పెద్దది కాదని తేలింది. ట్యూబు ఉంచిన వాళ్లలో 7 శాతం మందికి కణాలు మిగిలిపోయి మళ్ళీ చికిత్స అవసరమైంది, తీసేసిన వాళ్లలో ఒక శాతం కన్నా తక్కువ.

ఆ 56 శాతంలోనే మీ ప్రశ్నకు జవాబుంది తల్లీ. ఒక్క ట్యూబుతో, ఏ చికిత్సా లేకుండా సగం మందికి పైగా తల్లులయ్యారు. ఎడమ అండాశయం మీకు ఇంకా ఉంది. అక్కడి నుంచి వచ్చిన అండాన్ని కుడి ట్యూబు అందుకోగలదు, అలా గర్భం వచ్చిన వాళ్లను నేను చూశాను. సహజంగా రాకపోతే ఐవీఎఫ్ ఉంది, దానికి ట్యూబుతో పని లేదు.

మళ్ళీ ట్యూబులోనే వస్తుందా అన్న భయం ఉంటుంది. ఒకసారి వచ్చిన వాళ్లకు మళ్ళీ వచ్చే అవకాశం సుమారు 10 శాతం. అంటే పదిలో తొమ్మిది సార్లు అలా జరగదు. కానీ ఆ ఒక్కదాని కోసం మనం సిద్ధంగా ఉండాలి. అందుకే మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దన్న మాట మీ విషయంలో కుదరదు. ఆవిడ దిష్టి భయంతో అంటున్నారు, అది ప్రేమే. ఊరికి చెప్పకండి, పేరంటాళ్లకు చెప్పకండి. డాక్టర్‌కు మాత్రం గీతలు చూసిన రోజే చెప్పండి. ఆ వారంలోనే బీటా హెచ్‌సీజీ, 48 గంటలకు మళ్ళీ ఒకసారి. ఆరు వారాలకు లోపలి స్కాన్. నొప్పి గానీ మరక గానీ వస్తే ఆరు వారాల దాకా కూడా ఆగొద్దు. కళ్లు తిరగడం, భుజం లాగడం, ఉన్నట్టుండి కడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఫోన్ చేయాల్సింది 108కే. వెళ్లాల్సింది రక్తం, ఆపరేషన్ థియేటర్ రెండూ ఉన్న ఆస్పత్రికి. ఆ ఆస్పత్రి ఏదో మీరూ మీ ఆయనా ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

ఈలోగా రెండు మూడు నెలసరులు సక్రమంగా రానివ్వండి. అంత రక్తం పోయింది కాబట్టి హిమోగ్లోబిన్ చూపించుకుని ఐరన్ మాత్రలు వాడండి. మళ్ళీ ప్రయత్నించే ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే ఆపరేషన్ తర్వాత 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ (తర్వాతి గర్భంలో రక్తం గ్రూపు తేడాతో బిడ్డకు ఇబ్బంది రాకుండా ఇచ్చేది) ఇచ్చారా అని డిశ్చార్జ్ కాగితంలో చూడండి.

మీరు అడగని మాట ఒకటి ఉంది. ఏడుపు వస్తే ఏడవండి. ‘ఆరు వారాలదే కదా, అది బిడ్డేంటి’ అని అనేవాళ్లు ఉంటారు. రెండు గీతలు చూసిన రోజు మీరు తల్లిననుకున్నారు, ఆయన తండ్రిననుకున్నారు. ఆ దుఃఖం ఇద్దరిదీ, దానికి వారాల లెక్క లేదు. నెలలు గడిచినా తిండి సహించక, నిద్ర పట్టక, బాత్రూంలోకి వెళ్లాలంటే గుండె దడదడలాడుతుంటే ఆ విషయమూ డాక్టర్‌కు చెప్పండి. దానికీ చికిత్స ఉంది.

ఇక ఒక పని. వచ్చే వారం ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్లి రెండు అడగండి. ఒకటి, తీసిన ట్యూబును బయాప్సీకి పంపి ఉంటే ఆ రిపోర్ట్ తెచ్చుకోండి, అందులో క్షయ ఛాయలు ఏమైనా ఉంటే మళ్ళీ గర్భానికి ముందే మందులు వాడాలి. రెండు, పొట్ట తెరిచినప్పుడు కుడి ట్యూబు ఎలా కనిపించిందో ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉంటారు, ఆ కాగితం జిరాక్స్ తీసుకోండి. ఆ రెండూ చూశాక మీ గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను. మళ్ళీ రాయండి.